అమ్మాయి యూట్యూబ్ ఛానళ్లు చూసి థీసిస్ రాస్తోంది, గ్రూప్స్ కోచింగ్‌లో చేర్చమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎంఏ పొలిటికల్ సైన్స్ చేస్తోంది. డిసర్టేషన్‌కి మేడిగడ్డ బ్యారేజీ తీసుకుంది. పేపర్లు ఒక్కటే చాలవని గైడ్ చెప్పారట. అప్పటి నుంచి అర్ధరాత్రి దాకా ఎవరూ వినని వెబ్‌సైట్లు, యూట్యూబ్ ఛానళ్లే. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఒకే పేపర్ చదువుతాం. తనేమో సొంతంగా న్యూస్ ఛానల్ పెడతానంటోంది. గ్రూప్-2 మేలా, జర్నలిజమా?
– ఒక తండ్రి, పెద్దపల్లి

జవాబు: ఊరు, కోర్సు మారి ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది. మీరు అడిగింది ఏది మేలని. మీ భయం మాత్రం పిల్ల ఏదో గొడవలో ఇరుక్కుంటుందని. రిపోర్టులు చదివి డిసర్టేషన్ రాయడం నేరం కాదు సార్. ముందు ఆ టెన్షన్ వదిలేయండి.

గైడ్ చెప్పింది నిజమే. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగితే కుట్ర అన్నవాళ్లున్నారు, నాసిరకం పని అన్నవాళ్లున్నారు. ఏ పేపర్ ఏ పార్టీ వైపో మన చాయ్ హోటల్లో అడిగినా చెబుతారు. ముప్పై ఏళ్లు ఒకే పేపర్ చదివామని గర్వంగా రాశారే, అమ్మాయి చేస్తున్నది మీరు చేయని పని. కోప్పడకండి, ఉన్నమాటే అంటున్నాను.

అలాగని చిన్న వెబ్‌సైట్ చెప్పిందల్లా నిజమని కాదు. స్వతంత్రం అంటే నిష్పక్షపాతం అని అర్థం కాదు. చందాదారులు నడుపుతున్నారా, ఏదైనా ఫౌండేషన్ డబ్బిస్తోందా అని చూసుకోమనండి. ఒకే మాటను ఇరవై ఛానళ్లు చెబితే అది ఇరవై ఆధారాలు కాదు, ఒక్కటే. మేడిగడ్డ కాళేశ్వరం ప్రాజెక్టులో భాగమే కదా, 2024 ఫిబ్రవరిలో ఆ ప్రాజెక్టుపై ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ ఇచ్చిన రిపోర్టు అసెంబ్లీ ముందుకొచ్చింది. కేంద్ర జల సంఘానికి 81,911 కోట్లని చూపిన ఖర్చు 1,47,427 కోట్లు దాటవచ్చని అందులో ఉంది. దాని మీద వచ్చిన వీడియోల కంటే ముందు ఆ రిపోర్టే చదవాలి. అందులో లేనిదాన్ని పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద అడగవచ్చు. ఇక ప్రజాశక్తి, విశాలాంధ్ర, నవ తెలంగాణ వామపక్ష పార్టీల పేపర్లని అందరికీ తెలుసు. అయినా నిర్వాసితుల ధర్నాల్లాంటి వార్తలకు వాటిని వెతకాలి. పాతవి కావాలంటే హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీలో అడగమనండి. జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన 'పరి' వెబ్‌సైట్‌లో పల్లె కథనాలు తెలుగులోనూ దొరుకుతాయి. దక్షిణాది వార్తలకు న్యూస్ మినిట్, గణాంకాలకు ఇండియాస్పెండ్ సైట్లున్నాయి. చిన్న సైట్లు చెప్పకుండా మాయమవుతాయి కాబట్టి చదివిన పేజీని ఆ రోజే, వెబ్ పేజీల కాపీలు భద్రపరిచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో దాచుకోవాలి. ఈ చివరిది పట్టించుకోక వైవాలో నీళ్లు నమిలిన పిల్లల్ని చూశాను.

నాకు అనుమానమంతా ఆ సొంత ఛానల్ మీదే. ఇప్పుడు ప్రతి క్లాసులో నలుగురు అదే అంటున్నారు. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు మొదటి ఆరు నెలలు ఊళ్లు తిరిగి మంచి కథనాలు చేశాడు. వ్యూస్ రాలేదు. తర్వాత సినిమా గాసిప్. ఎన్నికలొచ్చేసరికి ఒక లోకల్ లీడర్ నెలకింత ఇస్తానన్నాడు, వీడు సరేనన్నాడు. వాడిని తిట్టలేను, రూమ్ అద్దె కట్టాలి కదా. వైరల్ వార్త నిజమో కాదో తేల్చే ఫ్యాక్ట్ చెకింగ్ కొంచెం నయం. హైదరాబాద్‌లోనే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ ఉన్నాయి. కానీ ఈ రంగంలో చాలా సంస్థలు టెక్ కంపెనీల డబ్బు మీద ఆధారపడ్డాయి. అమెరికాలో ఫ్యాక్ట్ చెకింగ్ సంస్థలతో నడిపిన కార్యక్రమం ఆపేస్తున్నట్టు ఫేస్‌బుక్ యజమాని మెటా 2025 జనవరిలో ప్రకటించింది. కాబట్టి ఛానలైనా, ఇదైనా, ముందు ఎక్కడో జీతం తీసుకుని రెండేళ్లు పని నేర్చుకున్నాకే.

గ్రూప్-2నా, జర్నలిజమా అన్నారు. ఇప్పుడే తేల్చక్కర్లేదు. ఒక విషయాన్ని నాలుగు చోట్ల సరిచూసుకునే పిల్ల పరిశోధన సంస్థలోనైనా, పేపర్ డెస్క్‌లోనైనా, ప్రభుత్వాఫీసులోనైనా నెగ్గుకొస్తుంది. కోచింగ్ ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి. డిసర్టేషన్ సబ్మిట్ చేశాక తనను నా దగ్గరికి పంపండి, మీరు బయట కూర్చోండి.