స్కాన్ చేసిన ఇంకు బొమ్మను వీడియోలో శుభ్రంగా కలపడం ఎలా?

మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టును ఇంకుతో గీసి, స్కాన్ చేసి వీడియోపై పెడితే కాగితం తెల్లగా అడ్డుపడుతోందని, ఊడలు మిణుకుమంటున్నాయని ఒకరు అడిగారు.

తెలుపును చెరిపేయకండి, గీతల అంచులు పాడవుతాయి. వీడియో ఎడిటర్‌లో బొమ్మ ఉన్న పొరకు (లేయర్‌కు) మల్టిప్లై అనే బ్లెండ్ మోడ్ పెట్టండి. అందులో స్వచ్ఛమైన తెలుపు కింది దృశ్యాన్ని యథాతథంగా చూపిస్తుంది, నలుపు నలుపుగానే నిలుస్తుంది. అయితే స్కాన్‌లో కాగితం సాధారణంగా లేత బూడిద రంగులో వస్తుంది. ముందు వెలుగునీడలను సరిచేసే లెవెల్స్ పనిముట్టులో దాన్ని 255కు, అంటే స్వచ్ఛమైన తెలుపుకు చేర్చాలి, లేకపోతే దృశ్యమంతా మసకబారుతుంది.

మిణుకుకు కారణం సైజు. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసిన ఏ4 కాగితం వెడల్పు సుమారు 4,960 పిక్సెళ్లు. దాన్ని ఫుల్ హెచ్‌డీ వీడియో వెడల్పు 1,920కి కుదిస్తే సన్నని ఊడల గీతలు పిక్సెల్ కన్నా పలచబడతాయి. బొమ్మ మెల్లగా జరిగినప్పుడల్లా కనబడుతూ మాయమవుతూ ఉంటాయి. గ్రేస్కేల్‌లోనే (బూడిద ఛాయలతో) స్కాన్ చేసి, జూమ్‌కు అవసరమైనంత సైజుకు ఫొటో ఎడిటర్‌లో ముందే తగ్గించి, లేశమంత బ్లర్ ఇవ్వండి. ఇంత అందమైన చెట్టుకు ఆ కాస్త శ్రమ తప్పకుండా పడాలి.

వీడియోను కుదించి ఫైలుగా మార్చే ఎన్‌కోడింగ్‌లో 4:2:0 అనే రంగు కుదింపు పద్ధతి గురించి బెంగ వద్దు. అది రంగు వివరాలనే తగ్గిస్తుంది, వెలుగునీడలను కాదు. గీతల చుట్టూ మురికి చేరేది బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) చాలనప్పుడు. ఎక్స్264 అనే ఎన్‌కోడర్‌లో సీఆర్‌ఎఫ్ (నాణ్యత స్థాయి, అంకె తగ్గేకొద్దీ నాణ్యత ఎక్కువ) 18, బొమ్మలకు తగిన ట్యూన్ యానిమేషన్ సెట్టింగ్‌తో మొదలుపెట్టండి.