అగ్నిమాపకమా, అగ్నిశామకమా?

సందేహం: ఏప్రిల్ 14న బడి గేటుకు కట్టడానికి మా పిల్లలు ‘అగ్నిమాపక వారోత్సవాలు’ అని బ్యానరు రాశారు. మా హిందీ సారు చూసి, మాపకమంటే కొలిచేదని, ‘అగ్నిశామక’ అని దిద్దమని అన్నారు. ఏది ఒప్పు? శాఖ పేరు కూడా ఈమధ్య పొడుగైనట్టుంది, ఎందుకు?
– ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

సమాధానం: సంస్కృతం వరకు సారు మాట నిజమే. అక్కడ ‘మా’ ధాతువుకు కొలవడమని అర్థం. వానను కొలిచే వర్షమాపకం అలా వచ్చిందే. కానీ అగ్నిమాపకంలో ఉన్నది మన తెలుగు ‘మాపు’. రూపుమాపడం అంటామే, అది. కొత్త చొక్కాతో మట్టిలో ఆడొచ్చిన పిల్లాణ్ని “అప్పుడే మాపేసినావా!” అని అమ్మ కసిరేదీ ఈ మాటతోనే. ఈ తెలుగు క్రియకు సంస్కృతపు ‘అక’ తగిలించి, ముందు ‘అగ్ని’ని చేర్చారు. పండితులు దీన్ని వైరి సమాసమని, అంటే పొసగని రెండు భాషల మాటల కలయికని తోసేస్తారు. నేను తోసెయ్యను. అందరికీ అర్థమై, ఇన్నేళ్లుగా నిలిచిన మాట ఇది.

‘అగ్నిశామక’ కూడా తప్పేమీ కాదు. శామకమంటే శమింపజేసేది, చల్లార్చేది. పలమనేరు దాటి కోలారు వైపు వెళ్తే కన్నడ బోర్డుల మీద అదే. తిరుత్తణి వైపు దిగితే తమిళంలో ‘తీయణైప్పు’. తీ అంటే నిప్పు, అణై అంటే ఆర్పు. మన ‘అణచు’కు చుట్టమే. ఇక మన ఊళ్లలో జనం నోట “అగ్గి అంటుకునింది, ఫైరింజనోళ్లు వచ్చి ఆర్పేసినారు” అని వినిపిస్తుంది. దీపం దగ్గర ఆ ‘ఆర్పు’ను నోట రానివ్వరు, కొండెక్కిందనే అంటారు. ఇల్లు కాలేటప్పుడు మాత్రం దానికంటే సూటైన మాట లేదు. అడవి అంటుకుంటే కార్చిచ్చు. కారు అంటే అడవి, చిచ్చు అంటే నిప్పు. వేసవిలో శేషాచలం కొండలకేసి చూసేవాళ్లకు ఆ మాట కొత్తకాదు.

పేరు పెరగడానికి కారణం పని పెరగడమే. 1999 నాటి రాష్ట్ర చట్టం పేరులో ఫైర్ సర్వీస్ ఒక్కటే ఉంది. ఇప్పుడు ‘రాష్ట్ర విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖ’. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద పారింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు టెన్షన్‌తో గడిపాయి. అలాంటప్పుడు ఆర్పడానికి మంట ఉండదు. నీళ్లలో చిక్కినవాళ్లను బయటికి తేవడమూ ఈ శాఖ పనే. పాత పేరు ఒక్కటీ దానికి చాలదు. కొందరు ఈ పేరు మధ్యలో ‘మరియు’ ఇరికిస్తారు, తెలుగుకు అది అక్కర్లేదు.

మీ బ్యానరులో నాకు ఇబ్బందిగా అనిపించింది మరో మాట, ‘ఉత్సవాలు’. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మందుగుండు ఓడ పేలి 60 మందికి పైగా అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. వాళ్లను తలచుకునే వారమిది. ‘అగ్నిమాపక వారం’ అని రాయించండి.