సేవ నేర్చుకోవడానికి వచ్చే అబ్బాయి గురించి

కర్నూలు

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. చెల్లెమ్మకు, పిల్లలకు మా ఇంట్లో అందరి వందనాలు చెప్పు.

జూన్ నుంచి ఒక అబ్బాయిని ఏడాదిపాటు ఇంటర్న్‌గా పెట్టుకుని సేవలో తర్ఫీదు ఇవ్వాలనుకుంటున్నామని, ఎట్లా నడపాలో రాయమని అడిగావు. చాలా సంతోషం. మన జిల్లాల్లో పాస్టర్లను తయారుచేయడమంటే బైబిల్ కాలేజీకి పంపడమే అనుకుంటున్నారు. కాలేజీలో గ్రీకు, సంఘ చరిత్ర నేర్పుతారు, అవి కావలసినవే. రాత్రి రెండు గంటలకు చావు కబురు వస్తే ఆ ఇంటి గడపలో ఏం మాట్లాడాలో మాత్రం సంఘంలోనే నేర్చుకోవాలి. మార్కు సువార్త 3:14 చూడు. ప్రభువు పన్నెండుమందిని ఏర్పరచుకున్నది మొదట తనతో ఉండడానికి, ఆ తర్వాతే ప్రకటించడానికి పంపడానికి. ఆ వరుస తప్పించకు.

ఒక్క మాట మనసులో పెట్టుకో. ఈ ఏడాదిలో అతనికి ఎన్ని పనులు అప్పగించావో ఎవరూ అడగరు. ప్రతి పనికీ ముందు ఒక మాట చెప్పావా, పని అయ్యాక కూర్చోబెట్టి అడిగావా అన్నదే లెక్క. అది లేకపోతే ఏడాది తర్వాత నీకు మైకు సెట్టు బాగా కట్టే మనిషి మిగులుతాడు, కాపరి కాదు.

ఇంకా ఏప్రిల్ రాకముందే మనిషిని చూసుకోవాలి. నూట యాభై కుటుంబాల సంఘానికి ఒక్కడు చాలు. ఇద్దరైతే ఒకరితో ఒకరిని పోల్చడానికి జనానికి పని దొరుకుతుంది, నీకేమో ఇద్దరికీ సమయం చాలదు. బాగా పాడతాడని, కీబోర్డు వాయిస్తాడని ఎంచుకోకు. అతని సొంత సంఘంలో కనీసం రెండేళ్లు నిలకడగా ఉన్నాడా, ఎవరూ చూడని పని ఏదైనా చేశాడా అని అక్కడి పాస్టరునూ, ఒక పెద్దనూ, ఒక పెద్దమ్మనూ వేరువేరుగా అడుగు. ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడు. అప్పులున్నాయా అని నేరుగా అడుగు, సిగ్గుపడొద్దు. అప్పున్న కుర్రాడు సంఘంలో ఎవరి దగ్గరో చేబదులు అడుగుతాడు, అక్కడితో అతని మాటకు బరువు పోతుంది. పెళ్లయినవాడైతే భార్య ఇష్టం విడిగా కనుక్కో. ఆమె జీతం లేని సండే స్కూల్ టీచరని కమిటీ అనుకుంటే మొదట్లోనే కాదని చెప్పు. అమ్మాయి ఇంటర్న్‌గా వస్తే రోజువారీ మాట, దిద్దుబాటు చెల్లెమ్మ చేతిలోనో, ఇళ్లలో స్త్రీలకు వాక్యం చెప్పే అనుభవమున్న బైబిల్ స్త్రీ చేతిలోనో ఉండాలి.

జూన్‌లో మొదలుపెట్టడం మంచిదే. సంఘ సంవత్సరమంతా అతని కళ్లముందు తిరుగుతుంది: శనక్కాయ పంట వచ్చాక కోతకాలపు పండుగ, క్రిస్మస్, డిసెంబర్ 31 రాత్రి కూడిక, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలం, గుడ్ ఫ్రైడే, ఈస్టర్, ఎండాకాలం సెలవుల్లో పిల్లల బైబిల్ బడి (వి.బి.ఎస్.). మూడు నెలలు చాలవా అని కమిటీలో ఎవరైనా అడుగుతారు. మూడు నెలలు ఎవరైనా మంచిగానే ఉంటారు. మనిషి అలసిపోయాక, ఎవరో మాట అన్నాక, పొగడ్త విన్నాక ఎట్లా ఉంటాడో చూడాలంటే ఏడాది కావాలి. ఆటో నడుపుకుంటూనో, ప్రైవేటు బడిలో చెబుతూనో వచ్చేవాడైతే సాయంత్రాలూ ఆదివారాలే దొరుకుతాయి కాబట్టి ఏడాదిన్నర అనుకో.

ఒప్పందం ఒక పేజీ రాసుకోండి. ఎప్పటినుంచి ఎప్పటివరకు, నెలకు ఎంత, ఉండేదెక్కడ, సెలవెప్పుడు, ఎవరికి జవాబు చెప్పాలి, ఏ పనులు చేయకూడదు, మధ్యలో ఆపాల్సి వస్తే ఎట్లా. చివర ఈ వాక్యం తప్పకుండా ఉండాలి: ఏడాది తర్వాత ఈ సంఘంలో పోస్టు ఇస్తామని ఎవరూ మాట ఇవ్వలేదు. డబ్బు సంగతిలో ఆత్మీయంగా మాట్లాడి తప్పించుకోవద్దు. గది, రెండు పూటల భోజనం సంఘం చూసుకుంటే చేతికి నెలకు 8,000 నుంచి 10,000 రూపాయలైనా ఉండాలి. మూడు నెలల డబ్బు చేతిలో పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. ఆదివారం కానుక తగ్గిందని అతని డబ్బు ఆపితే అతను నేర్చుకునే మొదటి పాఠం అదే అవుతుంది. సోమవారం పూర్తి సెలవు, ఫోన్ కూడా చేయకు.

వారంలో ఆరు రోజుల్లో ప్రతి ఉదయం రెండు గంటలు వాక్య ధ్యానం, చదువు. ఆ సమయంలో గ్యాస్ సిలిండర్‌కు పంపినా, పిల్లలను బడికి దింపమన్నా తప్పు నీదే. మిగిలిన సమయంలో వారానికి నాలుగు ఇళ్ల దర్శనం, ఒక గృహ కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, సండే స్కూల్. పుస్తకాల పని ఒక పూట చాలు: బాప్తిస్మపు రిజిస్టరు, సభ్యుల జాబితా, నగదు పుస్తకం ఎట్లా రాస్తారో చూస్తాడు. కానుక లెక్కపెట్టేటప్పుడు పక్కన నిలబడి చూడాలి గాని చెయ్యి పెట్టకూడదు. లెక్క ఒకే ఇంటివాళ్లు కాని ఇద్దరు, గుడి దాటకముందే, కాగితం మీద రాసి సంతకాలు పెట్టి ముగించాలి. ఆ పద్ధతి ఇప్పుడు కళ్లతో చూస్తే రేపు తన సంఘంలో అతనే పెడతాడు.

మొదటి మూడు నెలలు నీ వెంట తిరగడమే. దర్శనానికి బయలుదేరేముందు మూడు నిమిషాలు ఆ ఇంటి గురించి చెప్పు, అవసరమైనంతే. లోపల 20 నుంచి 25 నిమిషాలు, అంతకు మించొద్దు. అతను మాట్లాడనక్కర్లేదు, వాక్యం చదివితే చాలు. తిరిగి వచ్చేటప్పుడు బండి ఒక చెట్టుకింద ఆపి మూడు ప్రశ్నలు అడుగు. ఆ ఇంట్లో ఏం చూశావు? వాళ్లు చెప్పకుండా వదిలేసిందేమిటి? నువ్వైతే ఏ వాక్యం చదివేవాడివి, ఎందుకు? మొదట్లో "అంతా బాగానే ఉన్నారన్నా" అంటాడు. కొన్ని వారాలకు, పెద్దకొడుకు మనం వచ్చాక లేచి బయటికి వెళ్లిపోయాడు, ఆమె చేతికి గాజుల్లేవు, ఇంట్లో పొయ్యి వెలగలేదు, అని చూడడం మొదలుపెడతాడు. కాపరి చూపు వచ్చేది అక్కడే. ఆ ఇంటి సంగతులు అతని డైరీలో పేర్లతో రాయకూడదు. ప్రార్థన మనవి అనే పేరుతో వాట్సాప్ గ్రూపులో పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. పడుకున్న రోగి ఫోటో తీసి పెట్టేవాళ్లను చూస్తూనే ఉన్నాం.

ఇంట్లో స్త్రీ ఒక్కతే ఉంటే లోపలికి వెళ్లకూడదు. తలుపు తెరిచి, అరుగు మీదే ప్రార్థన చేసి రావాలి, లేదా ఒక పెద్దమ్మను వెంట తీసుకెళ్లాలి. ఇది అతనిమీద అనుమానంతో పెట్టే నియమం కాదని, 1 తిమోతి 5:2 లో పూర్ణ పవిత్రతతో అన్న మాట ఉందని మొదటి వారంలోనే చెప్పు. సండే స్కూల్లోనూ అంతే, పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దలు. పిల్లల మీద ఏదైనా అఘాయిత్యం జరిగిందని తెలిస్తే సంఘంలో సర్దుకుందామని ఎవరన్నా వినొద్దు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి ఒకసారైనా తీసుకురా. మూడు నాలుగు జిల్లాల జనం అక్కడికి వస్తారు, మీ సంఘం వాళ్లూ ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు. వార్డులో అయిదు నిమిషాలే. చేతులు కడుక్కోవాలి, మంచం మీద కూర్చోకూడదు, సెలైన్ కట్టిన చెయ్యి పట్టుకోకూడదు. గొంతెత్తి ప్రార్థిస్తే పక్క మంచాల వాళ్లకు నిద్ర చెడుతుంది, నర్సు తిడుతుంది, ఆ తిట్టు సువార్తకు తగులుతుంది. విశ్వాసముంటే మందులు మానెయ్యి అన్న మాట అతని నోట ఒక్కసారి వచ్చినా ఆరోజే కూర్చోబెట్టు. షుగరు మందు ఆపి కాలు పోగొట్టుకుంటే ఆ కుటుంబానికి మనం ఏం సమాధానం చెబుతాం?

ప్రసంగం గురించి తొందరపడకు. జనం తొందరపెడతారు: "పిల్లోడు బాగా మాట్లాడతాడంట, ఆదివారం ఇవ్వండయ్యా" అంటారు. ముందు చదవడం నేర్పు. రోజూ పది నిమిషాలు నీ ముందు బైబిల్ గట్టిగా చదవాలి. మన పాత తర్జుమాలో వాక్యాలు పొడుగ్గా ఉంటాయి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియకపోతే అర్థమే తెగిపోతుంది. శ, ష, స తేడా, ళ, ల తేడా ఇప్పుడే సరిచేయాలి. నాలుగో నెల నుంచి గృహ కూడికలో పది నిమిషాలు. అట్లా ఆరుసార్లు అయ్యాక సాయంత్రం కూడిక. ఏడో నెల దాటాక నెలకొక ఆదివారం, 20 నిమిషాలు, ఒకే వాక్యభాగం. గుడ్ ఫ్రైడే రోజు, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు కదా, వాటిలో ఒకటి అతనికివ్వు. మిగతా ఆరుగురి మధ్య పది నిమిషాల్లో ఆపడం ఎట్లాగో ఆ రోజు నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు.

తయారీ ఇట్లా చేయించు. ముందటి వారమే వాక్యభాగం తేలాలి. మంగళవారానికి ఆ భాగం ఇరవైసార్లు చదివి, అది చెప్పేదేమిటో ఒక్క వాక్యంలో రాసి నీకు చూపించాలి. ఆ వాక్యం కుదరకపోతే ముందుకు వెళ్లనివ్వకు, సగం ప్రసంగాలు పాడయ్యేది అక్కడే. గురువారానికి మొత్తం నాలుగు పేజీలు రాయాలి. శుక్రవారం ఖాళీ గుడిలో, మైకు లేకుండా, చివరి వరుసలో నువ్వు కూర్చుంటే చెప్పాలి. తప్పులు దాదాపు అందరిలో ఒకటే. యూట్యూబ్‌లో చూసిన ప్రసంగీకుడి గొంతు అరువు తెచ్చుకుంటాడు, చెప్పడానికి ఏమీ లేనిచోట అరుస్తాడు, పదిహేను రిఫరెన్సులు తిప్పిస్తాడు, సంఘంలో తెలిసిన ఇంటి సంగతి ఉదాహరణగా వాడతాడు. చివరిది మాత్రం క్షమించరానిది. ఆ కుటుంబం మళ్లీ గుడికి రాకపోవచ్చు.

ప్రసంగమయ్యాక గుడి వాకిట్లో ఏమీ అనకు. పదిమందిలో అసలే వద్దు. మంగళవారం ఉదయం అరగంట, నువ్వూ ఒక పెద్దా కలిసి కూర్చోండి. ఒక మంచి మాట, రెండు దిద్దుబాట్లు, అంతే. పది తప్పులు చెబితే పదీ మర్చిపోతాడు. అపొల్లో అనే ప్రసంగీకుడి మాటల్లో లోటు కనిపించినప్పుడు అకుల, ప్రిస్కిల్ల అతన్ని చేర్చుకుని విడిగా విశదపరచిన సంగతి అపొస్తలుల కార్యములు 18 లో చదివి అతనికి వినిపించు. దిద్దించుకోవడం అవమానం కాదని తెలుస్తుంది.

భూస్థాపన కార్యక్రమానికి ఎప్పుడూ వెంట పెట్టుకో. కబురందగానే వెళ్లాలి, ఉదయం దాకా ఆగొద్దు. మొదటి గంటలో వాక్యం వద్దు, కూర్చుంటే చాలు. తర్వాత పనులు చూడాలి: గుంత ఎక్కడ తీస్తున్నారు, ఆ స్థలం విషయంలో పేచీ ఉందా, పెట్టె వచ్చిందా, దూరంలో ఉన్న కొడుకు బయలుదేరాడా, బెంగళూరు నుంచి ఎన్ని గంటలకు చేరతాడు. సంచిలో బైబిల్, పాటల కాగితాలు, టార్చి, నీళ్లు. మన పల్లెల్లో సగం చుట్టాలు హిందువులు ఉంటారు. కొబ్బరికాయ, పసుపు దగ్గర గొడవ లేస్తుంది. శవం ముందు వాదించకూడదని, ముందుగానే ఇంటి పెద్దను పక్కకు పిలిచి మాట్లాడాలని నువ్వు చేసి చూపించు. సమాధి దగ్గర పదిహేను నిమిషాలు చాలు. నరకం పేరుతో చుట్టాలను బెదిరించే ప్రసంగం అక్కడ వద్దేవద్దు. మూడో రోజు కూడిక అయ్యాక అందరూ మర్చిపోతారు. నెల తర్వాత ఆ ఇంటికి ఒంటరిగా వెళ్లిరమ్మని పంపు. వెళ్లి వచ్చి ఏం చెబుతాడో శ్రద్ధగా విను.

పెళ్లి, బాప్తిస్మం, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆరాధన) అతని చేతికి ఇవ్వొద్దు. పెళ్లి చట్టంతో కూడిన పని. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం అధికారమున్నవాళ్లే జరిపించాలి, సాధారణంగా ఉదయం 6 నుంచి సాయంత్రం 7 మధ్యనే. కాగితాలు సరిచూడడం అతను నేర్చుకోవచ్చు: అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాయని పదో తరగతి మెమో, సాక్షుల వివరాలు, రిజిస్టరులో పేర్ల అక్షరాలు.

మీ ఊరికి సంబంధించిన సంగతి ఒకటి. కోసిగి, ఆదోని వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్తాయి. ఫిబ్రవరి, మార్చిలో గుడి సగం ఖాళీ అవుతుంది, ఇళ్లలో ముసలివాళ్లూ పిల్లలూ మిగులుతారు. హాజరు తగ్గిందని అతను దిగులుపడతాడు. ఆ నెలల్లోనే అసలు పని ఉంది. వలస వెళ్లిన ఇళ్ల జాబితా రాయించు, వారానికొకసారి ఆ ముసలివాళ్లను చూసిరమ్మను, మందులున్నాయా, పిల్లలు బడికి పోతున్నారా కనుక్కోమను, తోటలో ఉన్నవాళ్లకు ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి ప్రార్థించమను.

అతని భోజనం వారానికొక ఇంటి చొప్పున తిప్పు, అన్ని పేటలూ వచ్చేట్టు. మిద్దె ఇళ్లలోనే తింటే రెండు నెలల్లో జనం లెక్కకట్టేస్తారు. సంగటి పెట్టిన ఇంట్లో సంతోషంగా తినడం తెలియనివాడు కాపరి కాలేడు. ఎన్నికల సమయంలో ఏ నాయకుడి బండీ ఎక్కకూడదు, ఆ విషయం ఒప్పందంలోనే రాయి.

జనం అతన్ని ఇష్టపడడం మొదలుపెట్టినప్పుడు నీ మనసు ఎట్లా ఉంటుందో చూసుకో, తమ్ముడూ. "చిన్నయ్యగారు బాగా ప్రార్థిస్తారు" అని ఎవరో అనగానే చాలామంది పాస్టర్లు తెలియకుండానే పనులు తగ్గిస్తారు, తప్పులు వెతుకుతారు. ఆ సమయంలోనే అతనికి ఇంకొంచెం పెద్ద పని ఇవ్వు.

మూడు నెలలకొకసారి ఇద్దరు పెద్దలతో కలిసి, సంఘ నాయకుడికి ఉండాల్సిన లక్షణాలు చెప్పే 1 తిమోతి 3 ముందు పెట్టుకుని ఒక పేజీ రాయండి, అది అతనికే చదివి వినిపించండి. డబ్బు, స్త్రీ, అబద్ధం, ఈ మూడింటిలో దేనిలోనైనా తప్పు తేలితే ఆరోజే ఆపి, అతని సొంత సంఘానికి రాతపూర్వకంగా తెలియజేయండి. మంచివాడే అయినా కాపరి పనికి తగడనిపిస్తే తొమ్మిదో నెలలో స్పష్టంగా చెప్పు, పన్నెండో నెల దాకా ఊరించకు. సండే స్కూలుకో, లెక్కలకో, పాటలకో అతను గొప్పగా పనికిరావచ్చు, ఆ మాటా చెప్పు. తొందరపడి ఎవరిమీదా చేతులుంచవద్దని, అంటే సేవకు నియమించవద్దని, పౌలు తిమోతికి రాసింది ఇలాంటి సందర్భానికే. తగినవాడైతే బైబిల్ కాలేజీకి రాసే ఉత్తరంలో బలాలతో పాటు ఇంకా నేర్చుకోవలసినవీ నిజాయితీగా రాయి. నీ దగ్గరే ఉంచుకోవాలన్న ఆశ ఉంటుంది, ఉంచుకోకు.

ఒప్పందం కాగితం కమిటీ ముందు పెట్టేలోపు ఒక కాపీ నాకు పంపు. డబ్బు, సెలవు, పోస్టు గురించి రాసిన మూడు చోట్లూ నేను చూసి ఇస్తాను.

ప్రభువు సేవలో,
నీ అన్న