ఆ చివరి పేజీ తీసెయ్యి

చెల్లెమ్మా,

వందనాలు. నీ కథ రాత్రే చదివాను. తమ్ముడికి జ్వరం. అమ్మ మంచం పక్కన మోకాళ్లూని ప్రార్థన చేస్తోంది. 'ప్రభువా, నీవే...' అని మధ్యలో ఆపి, కళ్లు తెరిచి, వాడి చంకలోంచి థర్మామీటర్ తీసి, లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ పెట్టి, 'నీవే దిక్కు' అని అందుకుంది. అది చదివి కాసేపు ముందుకు పోలేకపోయాను.

పేజీ తిప్పితే ఒళ్లు మండింది. తెల్లారేసరికి జ్వరం మాయం. వరసగా మూడు వాక్యాలు. కింద 'ఈ సంఘటన ద్వారా మనం నేర్చుకోవలసినది' అని ఒక పేరా. నిన్ను ప్రసంగం ఎవరు అడిగారమ్మా? జ్వరం తగ్గని ఇళ్లు కూడా ఉంటాయి. అలాంటి ఇంట్లో ఒక తల్లి ఇది చదివి, నా ప్రార్థనలోనే ఏదో లోపముందని కుమిలిపోతే? ఆదరణ కోసం రాశానన్నావు. ఆమెకేం మిగిల్చావు?

సువార్తల్లో స్వస్థతలు లేవా అంటావు. ఉన్నాయి. మార్కు సువార్త 9వ అధ్యాయంలో జబ్బుపడ్డ పిల్లాడు బాగయ్యాడు. కానీ ఆ తండ్రి ఏం అన్నాడో చూడు: నమ్ముతున్నాను, నా అపనమ్మకం విషయంలో సాయం చెయ్యి అన్నాడు. ఆ రెండో సగం మనవాళ్లు రాయరు. రూతు గ్రంథంలో, భర్తా ఇద్దరు కొడుకులూ పోయాక సొంతూరు బేత్లెహేము తిరిగొచ్చిన నయోమి, సర్వశక్తుడే నన్ను బాధపెట్టాడని ఊరి ఆడవాళ్ల ముందే అనేసింది. ఆమెను ఎవరైనా మందలించినట్టు రాసి ఉందా? లేదు. కోడలు పొలానికి పోయి పరిగె ఏరుకొచ్చిందని ఉంది. ఇక ఎస్తేరు గ్రంథం హీబ్రూ మూలమంతా వెతికినా దేవుడనే మాటే దొరకదు. అయినా అది పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది.

మా నాన్న చర్చి సంఘంలో ఎవరితోనో మాటామాటా పెరిగి గుడికి రావడం మానేశాడు. కానీ శనివారం రాత్రి మా అందరి బట్టలూ ఆయనే ఇస్త్రీ చేసేవాడు. అమ్మ చీర మడతలు కుదిరేదాకా వదిలేవాడు కాదు. పొద్దున్నే మమ్మల్ని గేటు దాకా పంపి వెనక్కి వెళ్లిపోయేవాడు. అదే రాస్తే, ఒక క్రైస్తవ పత్రిక ఎడిటర్ 'చివర్లో మారుమనస్సు పొందినట్టు పెట్టండి, వేస్తాం' అన్నాడు. మా నాన్న తిరిగి రాలేదు మరి, ఎలా పెట్టను? ఇంకో పెద్ద పత్రికవాళ్లు 'బాగుంది, కానీ ఆ ప్రార్థనలూ గుడీ తీసేస్తే అందరికీ నచ్చుతుంది' అన్నారు. మొదటివాళ్లకు భక్తి చాల్లేదు, రెండోవాళ్లకు ఎక్కువైంది. ఆ కథ చాలాకాలం నా దగ్గరే పడి ఉంది. ఆ కోపం నాకింకా పోలేదనుకో. ఇప్పుడైతే సాక్ష్యమంటే, దేవుడు తనకేం చేశాడో చెప్పుకోవడమంటే, వెనక ఏడుపు మ్యూజిక్, రెండు నిమిషాల్లో అద్భుతం. నువ్వు అటు పోకు.

పోటీలకు పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవన్నీ తర్వాత.

ముందు ఆ చివరి పేజీ తీసెయ్యి. జ్వరం తగ్గిందో లేదో చెప్పకపోయినా పర్లేదు. నీ కథలో ఇంకొకడున్నాడు, గమనించావా? మీ అన్నయ్య. 'నాకివన్నీ నమ్మకం లేదు' అని గుమ్మం దగ్గరే నిలబడ్డాడని ఒక్క లైను రాసి వాణ్ని వదిలేశావు. లూకా 15లో యేసు చెప్పిన తప్పిపోయిన కొడుకు కథలో, తమ్ముడు తిరిగొచ్చాక పెద్దకొడుకూ అలాగే కోపంతో ఇంటి బయట నిలబడ్డాడు. తండ్రే బయటికొచ్చి బతిమాలాడు. వాడు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు. మీ అన్నయ్య ఆ రాత్రంతా ఏం చేశాడు? నిద్రపోయాడా? మందుల షాపుకు పరుగెత్తింది ఎవరు? ఫోన్ చేసి అడుగు. నీకు నచ్చని జవాబొచ్చినా అదే రాయి.

మళ్లీ పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టు, ఈ కళ్లద్దాలతో చదవలేకపోతున్నాను.

మీ అక్క