ట్యాంకులు తీసిన గొయ్యిని ఎవరు శుభ్రం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారు 1993లో మా స్థలాన్ని పెట్రోల్ బంకు కోసం ఒక చమురు కంపెనీకి లీజుకిచ్చారు. గడువు ముగిసి, గత నెలలో భూగర్భ ట్యాంకులు తీసేశారు. గొయ్యిలో మట్టి నల్లగా ఉండి పెట్రోలు వాసన వస్తోంది. పక్కనే మా బోరు ఉంది. గొయ్యి పూడ్చి ఇస్తాం, స్థలం స్వాధీనమైనట్లు సంతకం పెట్టండి అంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: ఇప్పుడే పెట్టవద్దు, గొయ్యినీ పూడ్చనివ్వవద్దు. ఇక ఏ బాకీ లేదన్న కాగితంపై మీ సంతకం ఉంటే, రేపు మీరు ఏ కోర్టుకు వెళ్లినా అవతలి న్యాయవాది మొదట చూపేది దాన్నే.

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ ప్రకారం లీజుదారు, సహజమైన తరుగుదల మినహా, తాను తీసుకున్ననాటి స్థితిలోనే ఆస్తిని తిరిగి అప్పగించాలి. ఇంధనం ఇంకిన మట్టిని సహజ తరుగుదల అనడం నా దృష్టిలో కుదరదు. అయితే లీజు దస్తావేజులో వేరే షరతు ఉంటే అదే చెల్లుతుంది కనుక, ముందు దాన్ని ఎవరైనా న్యాయవాదికి చూపించండి.

గొయ్యి అడుగు నుంచి, నాలుగు పక్కల నుంచి, పైపులు వెళ్లిన దారి నుంచి ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాల వారిచేతనే నమూనాలు తీయించండి. కంపెనీకి ముందుగా నోటీసు ఇచ్చి, వారి ప్రతినిధి సమక్షంలో తీయిస్తే, ఆ నివేదికను తర్వాత కాదనడం వారికి కష్టమవుతుంది. పెట్రోలులో ఉండే హానికర రసాయనం బెంజీన్ ఇట్టే ఆవిరైపోతుంది కాబట్టి మీరే సంచిలో పోసుకెళ్లిన మట్టి ఎందుకూ పనికిరాదు. సీసం కూడా పరీక్షించమనండి, ఎందుకంటే సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 వరకూ అమ్మారు. బోరు నీటిలో బెంజీన్ గానీ, సీసం గానీ లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. ఫలితం వచ్చేదాకా ఆ నీళ్లు తాగకండి.

కాలుష్యం తేలితే నివేదిక జతచేసి కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి. కేంద్రం 2025 జులైలో తెచ్చిన కలుషిత స్థలాల నియమాల ప్రకారం మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఆపై 3 నెలల్లో సమగ్ర సర్వే జరపాలి; శుభ్రపరిచే ఖర్చు కాలుష్యానికి బాధ్యులైనవారిదే. అప్పటికీ కదలిక లేకపోతే పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ చెన్నై బెంచిని ఆశ్రయించి, ఆ ట్రిబ్యునల్ చట్టంలోని 15వ సెక్షన్ కింద పరిహారంతోపాటు స్థల పునరుద్ధరణనూ కోరవచ్చు. అలా కోరడానికి, నష్టానికి కారణం మొదట తలెత్తిన నాటినుంచి 5 ఏళ్ల గడువు ఉంది. కంపెనీ మాత్రం లీకు ఎప్పుడో మొదలైందని వాదించవచ్చు కనుక, ఆలస్యం చేయకండి.

తవ్విన మట్టి ఏ చెరువు గట్టునో పడకుండా కూడా చూసుకోండి. హానికర వ్యర్థమని తేలితే దాన్ని అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే పంపాలి. తెలంగాణలో దుండిగల్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో పరవాడలో అలాంటివి ఉన్నాయి. అక్కడ ఇచ్చే రసీదుల నకళ్లు తీసుకున్నాకే స్వాధీన పత్రంపై సంతకం పెట్టండి.