చెన్నై క్రైస్తవ కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్: డిగ్రీ చేతికి రావాలంటే ఏమేం పాసవ్వాలి?

మీరు అడిగింది ఇదీ: అబ్బాయికి ఇంటర్ ఎంపీసీ అయింది, ఇంజనీరింగ్ వద్దు ఫిజిక్సే చదువుతానంటున్నాడు, చెన్నైలో ఒక క్రైస్తవ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది. బైబిల్ పరీక్ష కూడా పాసవ్వాలా? తమిళం రాకపోతే డిగ్రీ ఆపేస్తారా?

మాది సూళ్లూరుపేట. నేను చెన్నై శివారు తాంబరంలో బీఎస్సీ ఫిజిక్స్ చదివాను, ఇప్పుడు చెన్నైలోనే ఒక స్కూల్లో ఫిజిక్స్ చెప్తున్నాను. మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్తానండీ, నిజంగా అడ్డం పడేది అదే కాబట్టి. అవును, ఆపేస్తారు. కానీ మీరు భయపడేంత తమిళం కాదు.

మద్రాసు యూనివర్సిటీ పద్ధతిలో డిగ్రీ మొత్తం అయిదు పార్టులు. పార్ట్ వన్ భాష, పార్ట్ టూ ఇంగ్లీషు. పార్ట్ త్రీలో ఫిజిక్స్, దానితో పాటు అలైడ్, అంటే అనుబంధ సబ్జెక్టులు. పార్ట్ ఫోర్‌లో ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్, వాల్యూ ఎడ్యుకేషన్, సాఫ్ట్ స్కిల్స్ లాంటివి. పార్ట్ ఫైవ్ అంటే ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, స్పోర్ట్స్, ఇలా ఏదో ఒకటి. మూడేళ్లకి 140 క్రెడిట్లు రావాలి. స్కూల్లో అసలు తమిళం చదవనివాళ్లకి పార్ట్ ఫోర్‌లోనే బేసిక్ తమిళ్ అని ఉంటుంది. ఆరో తరగతి స్థాయి. అక్షరాలు, చిన్న చిన్న వాక్యాలు, అంతే. మన పిల్లలు కాస్త కూర్చుంటే వచ్చేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే ఎవరూ కూర్చోరు! క్వాంటమ్ మెకానిక్స్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న కర్నూలు అమ్మాయి ఒకామె మా బ్యాచ్‌లో ఉండేది. బేసిక్ తమిళ్ అరియర్ (బ్యాక్‌లాగ్) పెట్టుకుని ఫైనల్ ఇయర్‌లో మా జూనియర్లతో కలిసి పరీక్ష రాసింది. ఫిజిక్స్‌లో ఎంత తెచ్చుకున్నా ఇది పాసవ్వకపోతే డిగ్రీ రాదు. మొదటి ఏడాదిలోనే వదిలించుకోమనండి.

పార్ట్ వన్ భాష దగ్గర ఇంకో మెలిక ఉంది. మన దగ్గర ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుంటారు కదా, అక్కడా అదే తీసుకుందాం అనుకుంటారు. ఏయే భాషలు చెప్తారో కాలేజీని బట్టి మారుతుంది. హిందీ, ఫ్రెంచ్, సంస్కృతం చాలా చోట్ల ఉంటాయి. సంస్కృతం ఉన్నా జవాబులు ఏ లిపిలో రాయాలో చేరే ముందే అడగండి. తెలుగు లిపిలో రాసేసి వద్దామంటే కుదరకపోవచ్చు. ఒక ఊరట ఏమిటంటే క్లాస్ ఇచ్చేది పార్టులవారీగా. భాషలో అత్తెసరు మార్కులొచ్చినా పార్ట్ త్రీలో ఫస్ట్ క్లాస్ పోదు. ఎమ్మెస్సీ అడ్మిషన్లలో ప్రధానంగా చూసేది ఆ పార్ట్ త్రీనే.

ఇక ఫిజిక్స్. ఉస్మానియాలోనో నాగార్జునలోనో పాత బీఎస్సీ ఎంపీసీలో మూడు సబ్జెక్టులూ సమానం. ఇక్కడ అలా కాదు, ఫిజిక్స్ మెయిన్, మిగతావి పక్క వాయిద్యాలు. సాధారణంగా మొదటి ఏడాది అలైడ్ మ్యాథ్స్, రెండో ఏడాది అలైడ్ కెమిస్ట్రీ. కొన్ని కాలేజీల్లో వేరే అలైడ్ కూడా ఇస్తారు. మీవాడు రేపు మన రాష్ట్రానికి వచ్చి బీఈడీ చేసి డీఎస్సీ రాసే ఆలోచనలో ఉంటే కెమిస్ట్రీని వదలొద్దు. ఫిజికల్ సైన్స్ టీచర్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ చదివుండాలి, మార్కుల జాబితాలో కెమిస్ట్రీ కనబడాలి. జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లేవాళ్లకి మ్యాథ్స్ ముఖ్యం.

థియరీ గురించి పెద్దగా చెప్పను. ప్రాపర్టీస్ ఆఫ్ మ్యాటర్, హీట్, ఆప్టిక్స్, ఎలక్ట్రిసిటీతో మొదలై ఆటమిక్, న్యూక్లియర్, సాలిడ్ స్టేట్, ఎలక్ట్రానిక్స్ దాకా వెళ్తుంది. ఎంసెట్ కోసం లెక్కలు రుబ్బినవాడికి మొదటి సెమిస్టర్ తేలిగ్గానే అనిపిస్తుంది. దెబ్బ తగిలేది ల్యాబ్‌లో. మన ఇంటర్‌లో ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు ఎలా పడతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడికి వెళ్లాక ట్రావెలింగ్ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి న్యూటన్ రింగుల (లెన్స్‌కీ గాజు పలకకీ మధ్య కాంతితో ఏర్పడే వలయాల) వ్యాసాలు కొలవమంటారు. సోడియం ల్యాంపు పసుపు వెలుగులో వెర్నియర్ గీతలు చదవాలి. ముందు రింగులు కనబడితే కదా కొలవడానికి! లెన్స్ మీద ఒక వేలిముద్ర ఉంటే చాలు, మధ్యాహ్నమంతా పోతుంది. స్పెక్ట్రోమీటర్ సరిచేయడం, క్యారీ ఫాస్టర్ బ్రిడ్జితో రెసిస్టెన్స్ కొలవడం, బద్ద వంగడాన్ని కొలిచి యంగ్స్ మాడ్యులస్ కట్టడం, ఇవన్నీ ఎవరి చేత్తో వాళ్లు చేయాలి. రీడింగులు మరీ శుభ్రంగా వచ్చాయంటే మా మేడమ్‌కి అనుమానం, మళ్లీ తీయమనేవారు. నన్నడిగితే ఈ డిగ్రీలో అసలు చదువంటే ఆ ల్యాబే.

రికార్డు నోటు మాత్రం ఆషామాషీ కాదండీ. ప్రతి ప్రయోగం రాసి, సంతకం పెట్టించుకుని, చివర బోనఫైడ్ పేజీ మీద హెచ్‌ఓడీ సంతకం ఉంటేనే ప్రాక్టికల్ పరీక్షకి రానిస్తారు. హాజరు 75 శాతం ఉండాలి. 65 దాకా పడితే కండొనేషన్ ఫీజు (తక్కువైన హాజరు మాఫీకి కట్టేది) కట్టి రాయొచ్చు, అంతకన్నా తగ్గితే ఆ సెమిస్టర్ పరీక్షలు పోయినట్టే. సంక్రాంతికి ఊరెళ్లి వారం దాటినా రానివాళ్లకి ఈ లెక్క ముందే చెప్పాలి. అటానమస్, అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునే కాలేజీల్లో ఈ నిబంధనలు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి హ్యాండ్‌బుక్ అడిగి తీసుకోండి.

ఇప్పుడు బైబిల్ సంగతి. రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం తీసుకునే సంస్థలో ఎవరినీ ఇష్టం లేకుండా మతబోధకి గానీ ప్రార్థనకి గానీ రమ్మనకూడదు. మైనర్ అయితే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. మామూలుగా జరిగేదేమిటంటే క్రైస్తవ పిల్లలకి స్క్రిప్చర్ (బైబిల్) క్లాసు, మిగతావాళ్లకి నీతి, విలువల క్లాసు. మాకు అందులో వరకట్నం మీదా, పర్యావరణం మీదా చర్చలు పెట్టేవారు. క్రిస్మస్ ముందు క్యారల్స్ ఉంటాయి, పాటలు బాగుంటాయని నేనే వెళ్లేదాన్ని. బొట్టు తీసేయమని ఎవరూ అనలేదు, మా అమ్మమ్మ మాత్రం మూడేళ్లూ అదే అడిగింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ విద్యార్థే. అప్పటికి కాలేజీ ఇంకా జార్జ్‌టౌన్‌లో ఉండేది, తాంబరానికి మారింది 1937లో. మిషనరీ పంతుళ్ల దగ్గర చదువుకుంటూనే ఆయన వేదాంతం మీద థీసిస్ రాశారు. ఫిజిక్స్‌లోనూ చిన్న పేరేం కాదు, 1974 పోఖ్రాన్ పరీక్ష వెనకున్న రాజా రామన్న తాంబరంలోనే ఫిజిక్స్ డిగ్రీ చేశారు.

మతం నిజంగా లెక్కలోకి వచ్చేది అడ్మిషన్ దగ్గర. మైనారిటీ సంస్థలు సీట్లలో సగం దాకా తమ వర్గానికి ఉంచుకోవచ్చు. కాబట్టి మిగతా సీట్లకి పోటీ ఎక్కువ. ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ సెక్షనా, ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్సా అన్నది కూడా ఫారం నింపేటప్పుడే చూసుకోండి, ఫీజులో చాలా తేడా ఉంటుంది. ఇంటర్ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ ఇప్పుడే తెచ్చుకోండి, యూనివర్సిటీ నుంచి ఎలిజిబిలిటీ సర్టిఫికెట్ తీసుకోవాలని కాలేజీవాళ్లే చెప్తారు.

కాలేజీ కాదు, యూనివర్సిటీయే కావాలంటే బెంగళూరు వైపు చూడాలి. క్రైస్ట్ కాలేజీ 2008లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది, సెయింట్ జోసెఫ్స్ కాలేజీ 2022లో యూనివర్సిటీ అయింది. అక్కడ సొంత సిలబస్, సొంత డిగ్రీ. క్రైస్ట్‌లో హాజరు పట్టింపు బాగా ఎక్కువని పేరు. యూజీసీ 2022లో పెట్టిన పద్ధతిలో మూడేళ్లకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కి 160. అమెరికాలో చదవాలనుకునేవాళ్లకి ఆ నాలుగో ఏడాది పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి. లేకపోతే ఇక్కడ మూడేళ్లు చదివి ఎమ్మెస్సీ చేసి వెళ్లడం నయం.

అబ్బాయి ఇంటర్‌లో రెండో భాష ఏం తీసుకున్నాడో, ఏ కాలేజీలో సీటు వస్తోందో కింద రాయండి. పార్ట్ వన్‌లో ఏది పెట్టుకుంటే మంచిదో చెప్తాను.