అమరుడైన జవాను బిడ్డకు బీటెక్ ఫీజు: ముందు సరిచూసుకోవాల్సింది పేరు

ప్రశ్న: మావారు ఆర్మీలో హవల్దార్. కశ్మీర్‌లో ఉగ్రవాదులతో కాల్పుల్లో చనిపోయారు. బ్యాటిల్ క్యాజువాల్టీగా (యుద్ధ మరణంగా) నమోదైంది, లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. బాబు ఇంటర్ 74 శాతంతో పాసై ఎప్‌సెట్ రాశాడు. పాప తొమ్మిదో తరగతి. బీటెక్ ఫీజుకు ఏ సాయం దొరుకుతుంది? (ఒక తల్లి, ప్రకాశం జిల్లా)

జవాబు: అమ్మా, మీ పిల్లలిద్దరికీ మొదటి డిగ్రీ పూర్తయ్యే దాకా ట్యూషన్ ఫీజు, హాస్టల్ ఖర్చు రక్షణ శాఖే భరించే పథకం ఉంది. 1971 యుద్ధం తర్వాత మొదలైంది. 2017లో నెలకు 10,000 రూపాయలు మించకూడదని పరిమితి పెట్టారు గానీ, 2018 మార్చిలో తీసేశారు. కాబట్టి ఫీజు ఎక్కువని మంచి కాలేజీ వదులుకోకండి. ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో మాత్రం చూడండి. పాప స్కూలు ఫీజుకు కూడా ఇప్పుడే అడగండి.

ఒక ఇబ్బంది ఉంది. ఇది ముందు కట్టి తర్వాత రాబట్టుకునే డబ్బు. మొదటి ఏడాది ఫీజుకు సరిపడా సొమ్ము అందుబాటులో ఉంచుకోండి. రసీదులో ట్యూషన్, హాస్టల్, బస్సు విడివిడిగా రాయించుకోండి. అన్నీ కలిపి ఒకే మొత్తం వేసిన రసీదు తిరిగొస్తుంది.

అన్నిటికంటే ముందు పేర్లు చూడండి. మీవారి సర్వీసు వివరాలుండే ఆర్మీ రికార్డ్ ఆఫీసులో బాబు పేరు, పుట్టిన తేదీ ఎలా ఉన్నాయో పదో తరగతి మెమోలో, ఆధార్‌లో అచ్చం అలాగే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉండటం మన తెలుగు కుటుంబాల్లో మామూలే. దరఖాస్తులు ఎక్కువగా ఆగేది అక్కడే. తేడా ఉంటే పార్ట్ టూ ఆర్డర్ (ఆర్మీ రికార్డుల్లో మార్పులు నమోదు చేసే ఉత్తర్వు) ద్వారా దిద్దించాలి, దానికి నెలలు పడుతుంది. రేపే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. బాబుకు డిపెండెంట్ గుర్తింపు కార్డు లేకపోతే అదీ అక్కడే అడగండి.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు క్యాప్ (చిల్డ్రన్ ఆఫ్ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ పర్సనల్) కోటా 2 శాతం. అందులో యుద్ధంలో మరణించినవారి పిల్లలకే మొదటి ప్రాధాన్యం. క్యాప్ సర్టిఫికెట్ల పరిశీలన తేదీలు వేరుగా ప్రకటిస్తారు. ఒరిజినల్స్‌తో ఆ రోజున హాజరు కాకపోతే కోటా పోయినట్టే.

సీటు వచ్చాక ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ సంగతి. రక్షణ శాఖ కింద మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు ఇస్తుంది, ఏటా 5,500 మందికి. అబ్బాయికి నెలకు 2,500, అమ్మాయికి 3,000 రూపాయలు. ఇంటర్‌లో 60 శాతం కావాలి, బాబుకు ఉంది. దరఖాస్తు మొదటి సంవత్సరంలోనే చేయాలి. రెండో ఏడాదిలో గుర్తొస్తే ఎంత బతిమాలినా తీసుకోరు. కాలేజీ బోనఫైడ్, బాబు సొంత పేరున బ్యాంకు ఖాతా సిద్ధంగా ఉంచండి. తర్వాత ఏటా 50 శాతం తెచ్చుకుంటేనే రెన్యువల్. బ్యాక్‌లాగ్‌లు పెట్టుకోవద్దని వాడికి ఇప్పుడే చెప్పండి.